తెలియనివాళ్ళు కలిసిన రాత్రి

మనదగ్గర చిన్న సినిమా అంటే పెట్టుబడి చిన్నదని అర్థం. నిడివి మాత్రం రెండు గంటలకు తగ్గకూడదు; మధ్యలో విశ్రాంతి, సమోసా, టీ ఉండి తీరాలి. మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో చిన్న సినిమా అంటే నిజంగానే చిన్నది. పొయ్యిమీద పెట్టిన టీ మరిగి, దిగి, చల్లారేలోగా కథ మొదలై ముగుస్తుంది. అలాంటి ఒక చిన్న సినిమా గురించీ, దాని వెనుకనున్న తొంభై ఏళ్ళ చరిత్ర గురించీ, ఆ చరిత్రకు మన తెలుగు సినిమాతో ఉన్న పోలికల గురించీ నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం. పండుగ సంచికలో సినిమా కబుర్లేమిటని పెద్దలు విసుక్కోవద్దని మనవి. ముందు కథ వినండి.

సినిమా పేరు 'టూ కార్స్, వన్ నైట్'. 'రెండు కార్లు, ఒక రాత్రి' అనుకోవచ్చు. 2003లో తయారైంది. తీసినవాడు తైకా వైటిటి. నిడివి పన్నెండు నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. రంగులు లేవు, నలుపు తెలుపే. ఉత్తర దీవి తూర్పు తీరాన, ఓపొతికీ దాటి సముద్రం పక్కనుంచి పోయే రోడ్డుమీద, తె కాహా అనే ఊరుంది. ఆ ఊరి పబ్బు ముందున్న కార్ల ఖాళీస్థలమే కథాస్థలం. ఒక కారులో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు రోమియో, తొమ్మిదేళ్ళవాడు. తమ్ముడు ఎడ్ పుస్తకంలో తలదూర్చి ఉంటాడు. పెద్దవాళ్ళు లోపల తాగుతున్నారు, పిల్లలు బయట కారులో ఎదురుచూస్తున్నారు. పక్కనే ఇంకో కారు వచ్చి ఆగుతుంది. అందులో పోలీ అనే అమ్మాయి, పన్నెండేళ్ళది. దాని పెద్దవాళ్ళూ లోపలికి వెళ్ళిపోతారు. రెండు కార్ల మధ్య మూరెడు దూరం. మొదట ఒకరినొకరు వెక్కిరించుకుంటారు, వేళ్ళు చూపించుకుంటారు, తిట్టుకుంటారు. తరువాత మెల్లగా మాటలు కలుస్తాయి. చివరకు ఆ అమ్మాయి తన వేలి ఉంగరం, ప్లాస్టిక్కుదే, తీసి వీడికి ఇస్తుంది. అంతలో ఆమె తాలూకు పెద్దవాళ్ళు బయటికి వస్తారు, కారు కదులుతుంది, వెళ్ళిపోతుంది. అంతే కథ.

ఇందులో పాట లేదు, విలన్ లేడు, ఎవరూ ఎవరికీ ప్రేమిస్తున్నానని చెప్పరు. పబ్బులోకి వచ్చేపోయే పెద్దవాళ్ళను కెమెరా వేగం పెంచి చీమల బారులాగా చూపిస్తుంది. పిల్లలు కనిపించేటప్పుడు మాత్రం కాలం మామూలుగా నడుస్తుంది, ఇంకా చెప్పాలంటే నిలబడిపోతుంది. ఎదురుచూసే పిల్లలకు కాలం ఎలా సాగుతుందో ఇంత తేలిగ్గా చెప్పిన సినిమా నేను వేరే చూడలేదు. కమ్యూనిటీ హాలులో మన సభలు రాత్రి పదింటివరకు సాగుతుంటే బయట మెట్లమీద, కార్లలో, ఫోనులో చార్జి అయిపోయి కూర్చునే మన పిల్లలు గుర్తుకు వస్తారు. వాళ్ళకూ పక్క కారులో ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. ఆ సంగతులు మనకు చెప్పరు, అది వేరే విషయం.

ఈ పన్నెండు నిమిషాలు ఊరికే ఊడిపడలేదు. దీని వంశవృక్షం చూడాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

న్యూజిలాండ్‌లో తయారైన మొట్టమొదటి పెద్ద కథాచిత్రం 'హినెమోవా'. జార్జ్ టార్ అనే ఆయన తీయగా 1914లో ఆక్లండ్‌లో విడుదలైంది. అదీ ప్రేమకథే. రొటోరువా చెరువు ఒడ్డున హినెమోవా అనే గొప్పింటి పిల్ల, చెరువు నడుమ మొకోయా దీవిలో తుతానెకై అనే యువకుడు. అతను రాత్రిపూట పిల్లనగ్రోవి ఊదేవాడు. ఆ పిల్ల వెళ్ళిపోతుందేమోనని ఆమె తాలూకువాళ్ళు పడవలన్నీ ఒడ్డుకు ఎక్కించి పెడితే, ఆవిడ ఎండిన సొరకాయ బుర్రలు ఒంటికి కట్టుకుని చీకటిలో చెరువు ఈదింది. మన ఊళ్ళలో ఈత నేర్చుకునే పిల్లలు బుర్రలు కట్టుకున్నట్లే. వేణునాదం విని ఇల్లు విడిచిన గోపికల కథ విన్న మనకు ఇదేమీ కొత్తగా తోచదు. దురదృష్టవశాత్తు ఆ సినిమా ప్రతి ఒక్కటి కూడా మిగలలేదు. మన రఘుపతి వెంకయ్యనాయుడు గారూ, కుమారుడు ప్రకాష్ గారూ తీసిన 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' గతి కూడా ఇంతే. రెండు జాతులూ తమ తొలి సినిమాలను పోగొట్టుకున్నాయి.

ఆ రోజుల్లో ఈ దేశపు సినిమాలలో మావోరీలు కనిపించేవారే గాని, కథ చెప్పేది మాత్రం ఇతరులు. హినెమోవా కథనే టార్ కంటే ముందు, 1912లో ఇక్కడికి వచ్చిన గాస్టన్ మెలియెస్ అనే ఫ్రెంచి ఆయన తీసుకుని వెళ్ళాడు. సినిమా చరిత్రలో పేరుపొందిన జార్జ్ మెలియెస్‌కు ఈయన అన్న. వచ్చి, చూసి, తీసి, పట్టుకుపోవడమే అప్పటి పద్ధతి.

ఇక 1952కు వద్దాం. మన లోవర్ హట్‌కు కూతవేటు దూరంలో, వెల్లింగ్టన్‌లో, పసిఫిక్ ఫిల్మ్స్ అనే చిన్న సంస్థ ఉండేది. జాన్ ఓషే, రోజర్ మైరమ్స్ కలిసి ఆ ఏడు 'బ్రోకెన్ బారియర్' అనే సినిమా తీశారు. గంటా పది నిమిషాల నిడివి. మావోరీల గురించి రాయడానికి బయలుదేరిన ఒక తెల్ల విలేఖరి, ఒక మావోరీ నర్సు తారసపడతారు, ప్రేమ పుడుతుంది, ఇరుపక్షాల మనుషులూ అడ్డుపడతారు. వాళ్ళ చేతిలో ఉన్న కెమెరాలకు మాట పట్టే ఏర్పాటు లేదు. అందుకని పాత్రలు పెదవులు కదపకుండా మనసులోనే మాట్లాడుకుంటున్నట్టు, ఆ తలపులు మనకు వినిపిస్తున్నట్టు తీశారు. చేతకాని ఏర్పాటే అయినా చివరకు అది కథకు కలిసివచ్చిందని నా అభిప్రాయం. ఒకరి మనసులో మాట ఇంకొకరికి వినబడకపోవడమే కదా అక్కడి చిక్కు! విలేఖరి వేషం వేసిన టెరెన్స్ బేలర్ తరువాత ఇంగ్లండు వెళ్ళిపోయి, యాభై ఏళ్ళ తరువాత హారీ పాటర్ మొదటి సినిమాలో రక్తసిక్త దయ్యపు బారన్‌గా కనిపించాడు. పిల్లలకు చెప్పి చూడండి, ఒక్కసారిగా చరిత్రమీద ఆసక్తి పుడుతుంది.

1940 నుంచి 1970 వరకు ముప్ఫై ఏళ్ళలో ఈ దేశంవాళ్ళు తీసుకున్న కథాచిత్రాలు మూడంటే మూడు. మూడూ ఓషే సంస్థవే. అదే కాలంలో మద్రాసు స్టూడియోలలో తెలుగు సినిమాలు ఏటా డజన్లకొద్దీ తయారవుతున్నాయి. ఈ తేడా మనవాళ్ళు గర్వంగా చెప్పుకోదగినదే. కాని ఆ డజన్లలో తెలియని ఇద్దరిని కలిపి, వాళ్ళ మధ్యనున్న గోడను నిజంగా పడగొట్టినవి ఎన్ని?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ముందు 1938 నాటి 'మాలపిల్ల' తగులుతుంది. గూడవల్లి రామబ్రహ్మం గారి సినిమా, చలం గారి కథ, తాపీ ధర్మారావు గారి మాటలు, కాంచనమాల కథానాయిక. బ్రాహ్మణ యువకుడు, హరిజన యువతి. హరిజనుల ఆలయప్రవేశం దేశమంతటా రగులుతున్న రోజుల్లో ఆ సినిమా వచ్చింది. కథానాయిక ఏ జమీందారు బిడ్డో అని చివర్లో తేల్చి తప్పించుకోలేదు. ఆమె హరిజన పిల్లగానే ఉండి పెళ్ళి చేసుకుంది. 'బ్రోకెన్ బారియర్'కు పద్నాలుగేళ్ళ ముందే మనవాళ్ళు ఆ ధైర్యం చేశారు.

పదిహేడేళ్ళ తరువాత, 1955 సంక్రాంతికి, 'మిస్సమ్మ' వచ్చింది. అనుకోకుండా తారసపడిన అపరిచితుల కథ అనగానే తెలుగువాడికి మొదట తోచే సినిమా అదే. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ, ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం, పింగళి వారి మాటలూ పాటలూ, సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం, మార్కస్ బార్‌ట్లే కెమెరా. ఉద్యోగం లేని రావు, ఉద్యోగం లేని మేరీ ఒక పార్కులో కలుస్తారు. అప్పాపురం బడికి భార్యాభర్తలైన ఇద్దరు పట్టభద్రులు కావాలని పత్రికలో ప్రకటన. ఆకలి ముందు అబద్ధమెంత? భార్యాభర్తలమని చెప్పి ఇద్దరూ ఉద్యోగంలో చేరతారు. రామారావు, సావిత్రి. మేరీ పాత్ర మొదట భానుమతి గారిది. కొంత చిత్రీకరణ జరిగాక ఆవిడ తప్పుకోగా సావిత్రికి దక్కింది. బెంగాలీలో రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మన్మొయీ గర్ల్స్ స్కూల్' అనే నాటకం దీనికి మూలం. శరత్‌బాబును తెలుగు చేసిన చక్రపాణి గారికి బెంగాలీ మంచినీళ్ళ ప్రాయం. తమిళంలో కూడా అదే సమయంలో తీశారు, 1957లో హిందీలో 'మిస్ మేరీ' అయింది.

హాయిగా నవ్వుకునే సినిమా అది, ఎన్నిసార్లు చూసినా విసుగుపుట్టదు. అయినా ఒక మాట అనక తప్పదు. హిందువుల అబ్బాయి, క్రైస్తవుల అమ్మాయి ప్రేమించుకున్నారు, ఇక చిక్కు ఎలా విడిపోతుందా అని మనం చూస్తూ ఉంటే, ఆ అమ్మాయి చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారి పెద్దకూతురు మహాలక్ష్మే అని తేలుస్తారు. గోడ పడలేదు, అసలు గోడే లేదన్నారు! 'మాలపిల్ల' చూపిన తెగువను 'మిస్సమ్మ' నవ్వుతూ పక్కనపెట్టింది. సినిమా అందగించింది కనుక ఎవరూ అడగలేదు. ఈ దేశంలో పుట్టి పెరిగే మన పిల్లలు ఏ సమోవన్ కుర్రవాడినో, ఏ మావోరీ అమ్మాయినో తెచ్చి ఈమె అని పరిచయం చేసినప్పుడు, అప్పాపురం జమీందారు గారి కాలిపుట్టుమచ్చ మనకు అక్కరకు రాదు. అందుకే ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను.

న్యూజిలాండ్ కథకు తిరిగి వద్దాం. ఇక్కడ మన ఊరికీ కాస్త భాగముంది. 1975లో లోవర్ హట్‌లోని అవలాన్‌లో టెలివిజన్ కోసమే ప్రత్యేకంగా కట్టిన స్టూడియోలు ప్రారంభమయ్యాయి. ఆ గోపురంలాంటి కట్టడం మనలో చాలామందికి ఇంటిదారి గుర్తు. 1941లో పెట్టిన ప్రభుత్వ చలనచిత్ర విభాగం కూడా 1978లో మిరమార్ నుంచి అవలాన్‌కు తరలివచ్చింది. అదే 1978లో న్యూజిలాండ్ ఫిల్మ్ కమిషన్ ఏర్పడింది. సొంత కథలు తీసుకునేవారికి ప్రభుత్వం డబ్బు సాయం చేయడం గట్టిగా మొదలైంది అప్పటినుంచే. అదే ఏడు మనదగ్గర 'మరోచరిత్ర' వచ్చింది. తమిళ బాలు, తెలుగు స్వప్న, విశాఖ సముద్రతీరం. అక్కడ గోడ మతమూ కులమూ కాదు, భాష. ఆ పిల్లలిద్దరినీ బాలచందర్ చివరకు బతకనివ్వలేదు, అది చూసి ఏడవనివాళ్ళు అరుదు.

జాన్ ఓషే చేసిన మంచిపనులలో పెద్దది, నా దృష్టిలో, బారీ బార్‌క్లేకు చోటివ్వడం. 1974లో పసిఫిక్ ఫిల్మ్స్ తరఫున బార్‌క్లే మావోరీల జీవితంపై 'తాంగత ఫెనువా' అనే టెలివిజన్ ధారావాహిక తీశాడు. మావోరీ పెద్దలు కెమెరా ముందు తీరిగ్గా, తమ ధోరణిలో, తమ భాషలో మాట్లాడారు. 1987లో ఆయనే 'నాతి' తీశాడు. మావోరీ దర్శకుడు తీసిన తొలి కథాచిత్రంగా దానికి పేరు. మావోరీ భాష ఈ దేశపు అధికారభాష అయింది కూడా 1987లోనే. మరుసటి ఏడు మెరాటా మీటా అనే ఆవిడ 'మౌరి' తీసింది. చూపబడేవారు చూపేవారయ్యారు. 'హినెమోవా' నుంచి ఇక్కడికి రావడానికి డెబ్భైమూడేళ్ళు పట్టింది.

తైకా వైటిటి ఈ నీడన పెరిగినవాడు. తండ్రి తె ఫానౌ-ఆ-అపనుయి తెగకు చెందిన మావోరీ, తల్లి యూదు మూలాలున్న బడిపంతులమ్మ. కొంతకాలం తూర్పుతీరంలో, కొంతకాలం వెల్లింగ్టన్‌లో పెరిగాడు. ఇక్కడి ఆన్‌స్లో కాలేజీలోనూ, తరువాత విక్టోరియా విశ్వవిద్యాలయంలోనూ చదివాడు. బొమ్మలు గీయడం, హాస్య నాటికలు వేయడం అతని పని. ఫిల్మ్ కమిషన్ సాయంతో తన తండ్రివైపు తీరానికే వెళ్ళి 'టూ కార్స్, వన్ నైట్' తీశాడు. పిల్లలు వృత్తి నటులు కారు. మాట్లాడే తీరు, విరుపు, వెక్కిరింపు అన్నీ అక్కడివే. 'బ్రోకెన్ బారియర్'లో మావోరీ జీవితాన్ని బయటివాడొకడు వచ్చి చూడాల్సివచ్చింది. ఇక్కడ చూసేవాడూ లేడు, వివరించేవాడూ లేడు. రెండు కార్లలోనూ ఉన్నది ఆ ఊరి పిల్లలే.

2004లో బెర్లిన్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. 2005 ఫిబ్రవరిలో ఆస్కార్ బహుమతుల పోటీలో చిన్న చిత్రాల విభాగంలో నిలిచింది. ఆ సభలో పేర్లు చదువుతుండగా, కెమెరా తనవైపు తిరిగేసరికి, వైటిటి కుర్చీలో నిద్రపోతున్నట్టు నటించాడు. పెద్దలు కొందరు నొచ్చుకున్నారు, కుర్రకారు పగలబడి నవ్వారు. బహుమతి మాత్రం ఆండ్రియా ఆర్నాల్డ్ అనే ఇంగ్లండు ఆవిడ తీసిన 'వాస్ప్'కు వెళ్ళింది. విచిత్రమేమిటంటే అదీ పబ్బు బయట పిల్లల్ని వదిలి లోపలికి వెళ్ళిన తల్లి కథే! మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. ఆ ఏడు అదే పోటీలో ఒక భారతీయ చిత్రం కూడా ఉంది. అశ్విన్ కుమార్ తీసిన 'లిటిల్ టెర్రరిస్ట్'. క్రికెట్ బంతికోసం సరిహద్దు కంచె దాటి ఇటు వచ్చిపడ్డ పాకిస్తానీ కుర్రవాడిని రాజస్థాన్‌లో ఒక బ్రాహ్మణ బడిపంతులు దాచి కాపాడే కథ, పావుగంట సినిమా. ఒకే వరసలో మూడు చిన్న సినిమాలు, మూడింటిలోనూ పెద్దవాళ్ళ లోకం అంచున నిలబడ్డ పిల్లలు.

తె కాహా పిల్లల కథే పెరిగి పెద్దదై 2010లో 'బాయ్' అనే సినిమా అయింది. మెరాటా మీటా దానికి సహనిర్మాతగా ఉండి, ఆ ఏడే మరణించింది. ఈ దేశపు థియేటర్లలో అప్పటివరకు అన్ని స్థానిక చిత్రాలకంటే ఎక్కువ వసూలు చేసిన 'ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్'ను అది దాటిపోయింది. ఆ పేరులోని ఇండియన్ మనవాడెవడో అనుకునేరు. ఇన్వర్‌కార్గిల్ ముసలాయన ఒకాయన తోలిన మోటారుసైకిలు పేరు అది. 2020లో వైటిటికి వేరే సినిమా రచనకు ఆస్కార్ వచ్చింది.

మనవైపు ఏం జరిగిందంటారా? చిన్న సినిమా తెలుగులోకి ఆలస్యంగా వచ్చింది గాని, వచ్చాక వరదలా వచ్చింది. యూట్యూబు పుణ్యమా అని 2010 తరువాత హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఇంజనీరింగు చదివే ప్రతి గదిలోనూ ఒక దర్శకుడు తయారయ్యాడు. చాలావాటికి కథ ఒకటే: బస్‌స్టాపు, వాన, గొడుగు, తెలియని అమ్మాయి. నిజం చెప్పాలంటే వాటిలో ఎక్కువభాగం గొడుగు లేకున్నా నష్టంలేనివి. కాని ఆ గుంపులోంచే తరుణ్ భాస్కర్ వచ్చాడు. నలభై ఎనిమిది గంటలలో సినిమా తీయాలనే పోటీకి అతను తీసిన చిన్న చిత్రం పేరు 'అనుకోకుండా'. రీతూ వర్మ అందులోనే పేరు తెచ్చుకుంది. అలాంటి రెండు రోజుల పోటీ న్యూజిలాండ్‌లో కూడా 2000ల తొలి ఏళ్ళనుంచీ జరుగుతోంది, మన పెద్దపిల్లలు గమనించాలి.

ఆ తరుణ్ భాస్కరే 2016 జూలైలో 'పెళ్ళిచూపులు' అందించాడు. పెళ్ళిచూపులంటేనే తెలియని ఇద్దరు కలవడం. అయితే అది అనుకోకుండా కాదు, రెండు కుటుంబాలు, ఒక మధ్యవర్తి, జాతకాలు, మిఠాయి డబ్బా కలిసి పకడ్బందీగా ఏర్పాటుచేసిన కలయిక. ఈ సినిమాలో ఆ ఏర్పాటు తప్పుతుంది. అబ్బాయివాళ్ళు వేరే ఇంటికి వెళ్ళబోయి చిరునామా తప్పి ఈ ఇంటికి వస్తారు. గది తలుపు పట్టేసి అబ్బాయి, అమ్మాయి లోపల చిక్కుకుపోతారు. తలుపు తెరుచుకునేలోగా, ఎలాగూ మళ్ళీ కలవబోము కదా అన్న ధీమాతో, ఒకరి గతం ఒకరికి చెప్పుకుంటారు. తె కాహా కార్లలో మాదిరిగానే ఇక్కడా బందిఖానాయే మాటలు కలిపింది. అబ్బాయికి వంట ఇష్టం, అమ్మాయికి ఆస్ట్రేలియా వెళ్ళాలని పట్టుదల. మన న్యూజిలాండ్ ఆవిడకు తట్టనందుకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది. షూటింగులోనే మాటలు రికార్డు చేసిన సినిమా కనుక నటుల ఊపిరి, తడబాటు కూడా వినిపిస్తాయి. తెలుగులో ఉత్తమచిత్రంగా, మాటలకుగాను దర్శకుడికి, జాతీయ బహుమతులు వచ్చాయి. తెలంగాణ కుర్రవాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగు ఏ వెటకారపు పాత్రకో కాకుండా కథ నడిపేవాళ్ళకే దక్కింది. తూర్పుతీరపు పిల్లల మాటతీరు 2003లో తెరకెక్కినప్పుడు అక్కడివాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవడానికి మనకు ఇది మంచి కొలత.

'టూ కార్స్, వన్ నైట్'ను పిల్లలతో కలిసి చూడదలచిన తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక: మొదటి రెండు మూడు నిమిషాలలో రోమియో, పోలీ ఒకరినొకరు పలకరించుకునే భాష కాస్త ఘాటుగా ఉంటుంది. కంగారుపడి ఆపేయకండి, ఉంగరం దాకా ఉండండి. సినిమా అయ్యాక వాడు అది ఎందుకు తీసుకున్నాడని మీ పిల్లలను అడగండి. మా ఇంట్లో రెండు వేర్వేరు జవాబులు వచ్చాయి.